ముహూర్తం కన్నా ఊపిరి మిన్న

పంచాంగం చూసి కాన్పు చేయించడం పట్టణాల ముచ్చట మాత్రమే అనుకుంటే పొరపాటు. అది పల్లెలకూ పాకింది. నెలలు నిండక ముందే మంచి నక్షత్రం వెతికి, ఫలానా గంటకు ఆపరేషన్ చేయమని డాక్టర్లపై ఒత్తిడి తెచ్చే పెద్దలున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21 మాత్రమే. అన్నిటికీ ముహూర్తమే కారణమని కాదు. ప్రమాదం ఉన్నపుడు ఆపరేషన్ తప్పదు. కాని అవసరం లేని తొందర బిడ్డ ఊపిరితిత్తులకు చేటు.

కడుపులో ఉన్నంత కాలం బిడ్డ గాలి పీల్చదు. ప్రాణవాయువు తల్లి రక్తం నుంచి మాయ ద్వారా అందుతుంది. ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. పుట్టిన కొద్ది క్షణాల్లో ఆ నీరు పోయి గాలి నిండాలి. తడిసిన గుడ్డ మడతల్లా గాలి తిత్తులు అంటుకుపోకుండా లోపల ఒక జిగురు పూత కావాలి. ఆరో నెల ప్రాంతంలో మొదలయ్యే ఈ పూత 34, 35 వారాలకు గాని చాలినంత తయారు కాదు.

ఈ పనికి పురమాయించేవి హార్మోన్లు. చివరి వారాల్లో బిడ్డ మూత్రపిండాల మీది గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. దానితో పూత చిక్కబడుతుంది. నొప్పులు మొదలైనపుడు విడుదలయ్యే అడ్రినలిన్ ఊపిరితిత్తుల్లోని నీటిని పీల్చివేయిస్తుంది. నొప్పులు రాకముందే, 37 వారాలకే బిడ్డను బయటికి తీస్తే ఈ ఏర్పాటుకు గండి పడుతుంది. 39 వారాలు నిండిన తర్వాత చేసే ఆపరేషన్లలో శ్వాస ఇబ్బందులు బాగా తక్కువ. మన పెద్దలు తొమ్మిది నెలల తొమ్మిది రోజులని ఊరకే అనలేదు.

నెలలు నిండకనే నొప్పులు వస్తే ఏం చేయాలి? న్యూజిలాండ్ డాక్టర్లు లిగిన్స్, హోవీ 1972లోనే దారి చూపారు. తల్లికి కార్టిసాల్ వంటి మందు ఇంజెక్షన్‌గా ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని రుజువు చేశారు. అదే తరహాకు చెందిన డెక్సామెథాసోన్ అనే మందు ఖరీదైనది కాదు. 24 నుంచి 34 వారాల మధ్య నెలలు తక్కువ కాన్పు తప్పదనుకున్నపుడు, పెద్దాసుపత్రికి పంపేముందు ఏ.ఎన్.ఎం. మొదటి మోతాదు ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు జారీ చేసింది. కనుక నొప్పులు రాగానే మంత్రసాని కోసమో, తెల్లవారడం కోసమో ఎదురుచూడకుండా కబురు పెట్టాలి.

ఇక తిండి సంగతి. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని గర్భిణికి అన్నం తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యేది ఆ తల్లి కంచంలోని తిండితోనే. విటమిన్ ఎ కొరత ఉన్న నేపాల్ పల్లెల్లో గర్భానికి ముందు నుంచి కాన్పు తర్వాత వరకు తల్లులకు ఆ విటమిన్ తగు మోతాదులో ఇచ్చారు. వారి పిల్లలను 9 నుంచి 13 ఏళ్ల వయసులో పరీక్షించగా, ఊపిరితిత్తుల శక్తి మెరుగ్గా ఉన్నట్లు తేలింది. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. పాలు, గుడ్డులో ఈ విటమిన్ ఉంటుంది. తోటకూర, మునగాకు వంటి ఆకుకూరల నుంచి శరీరం దానిని తయారు చేసుకుంటుంది. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పనిదే మింగరాదు. విటమిన్ ఎ మితిమీరితే గర్భస్థ శిశువుకే హాని.

అంగన్‌వాడీలో గర్భిణికిచ్చే గుడ్డు, పాలు ఇంటిల్లిపాదీ పంచుకోవడానికి కాదు. అత్తగారు ఈ ఒక్కటి గమనిస్తే చాలు. కట్టెల పొయ్యి పొగ, చుట్ట పొగ కూడా ఆమె దరికి రానీయకూడదు.

ప్రతి ఉపకేంద్రంలో ఆ ఇంజెక్షన్ నిల్వ ఉండేలా, ఏ.ఎన్.ఎం.లకు తగిన శిక్షణ అందేలా జిల్లా వైద్యాధికారులు చూడాలి. పంచాయతీ పెద్దలు అడిగి తెలుసుకోవాలి. నామకరణానికి, అన్నప్రాసనకు ఎన్ని ముహూర్తాలైనా పెట్టుకోవచ్చు. పుట్టుకకు మాత్రం బిడ్డ సిద్ధమైన ఘడియే శుభ ఘడియ.