కంప్యూటర్ ముచ్చట్లు: బూడిదరంగుకు రవ్వంత నీలిమందు

ఉతికిన తెల్లబట్టలను చివరగా నీలిమందు కలిపిన నీటిలో ముంచడం మన ఇళ్ళలో పాత అలవాటు. నీలం కంటికి ఆనకూడదు, తెలుపు మాత్రం మెరవాలి. వెబ్ పుటలను రూపొందించేవారు బూడిదరంగు విషయంలో చేసేదీ ఇటువంటి పనే. శుద్ధమైన బూడిదరంగు తెరపై నిర్జీవంగా తోస్తుంది గనుక దానికి నీలమో, పసుపో రవ్వంత చేర్చుతారు. ఆ చేర్పును ప్రోగ్రాము చేత ఎలా చేయించాలో, అందులో ఎక్కడ జాగ్రత్త అవసరమో ఈ నెల పాఠకులకు వివరించదలచాము.

తెరపై ప్రతి వర్ణమూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెల కలయిక. ఒక్కొక్క అంకె 0 నుండి 255 వరకు ఉంటుంది. మూడూ సమానమైతే బూడిదరంగు వస్తుంది. ఉదాహరణకు 118, 118, 118 తీసుకుందాము. ప్రతి అంకెలో పదింట తొమ్మిది వంతులు ఉంచి, మిగిలిన ఒక వంతును కలపదలచిన రంగు నుండి గ్రహించాలి. నిండు నీలం కలిపితే 106, 106, 132. నిండు పసుపు కలిపితే 132, 132, 106 వస్తాయి. ప్రోగ్రాములో ఇది ఒక్క వరుసలో ఇమిడే సూత్రం.

అయితే మన కన్ను మూడు రంగులనూ సమానంగా చూడదు. వెలుగు లెక్కలో ఎరుపు వాటా 0.2126, ఆకుపచ్చది 0.7152, నీలానిది 0.0722 మాత్రమే. అందుచేత నీలం చేరిన బూడిద ముదురుతుంది, పసుపు చేరినది తేలికపడుతుంది. తెల్లని నేపథ్యంపై సాధారణ అక్షరాలకు వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో ప్రకటించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన 118 బూడిదకు అది 4.54, నీలం కలిసినదానికి 5.24, పసుపు కలిసినదానికి 3.83 మాత్రమే. అంటే చూపుకు ఇంపైన ఆ పసుపు ఛాయ పరీక్షలో తప్పినట్లే.

కనుక రంగు కలిపిన వెంటనే ప్రోగ్రాము నిష్పత్తిని లెక్కించాలి. చాలకపోతే మూల అంకెను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ మళ్ళీ కలపాలి. పసుపు విషయంలో 118 నుండి 105కు దిగిన తరువాతనే నిష్పత్తి 4.5 దాటుతుంది.

ఇది సౌందర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. పింఛను, వైద్య సదుపాయాల ప్రకటనలను నేడు తెరపైనే చదువుకొనే విశ్రాంత ఉద్యోగులు ఎందరో ఉన్నారు. శుక్లం పట్టిన కంటికి లేత బూడిద అక్షరం, తెల్ల కాగితం ఒక్కటిగానే కనిపిస్తాయి. గడువు తేదీ అటువంటి అక్షరాలలో ఉంటే నష్టపోయేది వారే. పుటలు తయారుచేసే మన యువ మిత్రులు పై లెక్కను తప్పక వేసి చూడవలెనని మా మనవి.

ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేని కన్నులను గురించి వచ్చే నెల ముచ్చటించుకొందాము.