జీవచ్ఛవమన్న మాటను విడిచిపెడదాము



జీవత్ + శవము = జీవచ్ఛవము. ముప్పది రెండేండ్లు ఈ ఉదాహరణను నల్లబల్లపై వ్రాసి, తకారం చకారమై శకారం ఛకారమయ్యే తీరును పిల్లలచేత వల్లె వేయించాను. సరిగా విడదీసినవారికి మార్కులు వేశాను. ఆ మాటను మనం ఎవరి తలాపున నిలబడి పలుకుతామో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ ఆలోచన నాకు మా పెద్దక్కయ్య మంచం దగ్గర కలిగింది. అదీ కలుగవలసిన సమయం దాటిన తరువాత.

పదేండ్ల క్రిందట ఆమె స్నానాల గదిలో జారిపడింది. తలకు బలమైన దెబ్బ తగిలింది. శస్త్రచికిత్స అయిన కొన్నాళ్లకు కన్నులు తెరిచింది కాని, పిలిస్తే పలుకలేదు. చేయి ఎత్తమంటే ఎత్తలేదు. ఇంటికి తెచ్చుకొన్నాము. పదకొండు నెలలు ఆ మంచం మీదనే ఉండి వెళ్ళిపోయింది. చూడవచ్చిన బంధువులు ఆమె ముందే నిట్టూర్చి "ఇంకేముంది, జీవచ్ఛవం" అన్నారు. గొలుసు ఎవరికి, గాజులు ఎవరికి అన్న సంభాషణ కూడా ఆ గదిలోనే జరిగింది. నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను. వారించలేదు. పైగా "ఆమెకేం తెలుస్తుంది లెండి" అన్నది నేనే.

తెలియక అన్నానని తప్పించుకొనే వీలు లేదు. ఆ వాక్యాన్ని ఖండించే ఆధారం అప్పటికే లోకంలో ఉన్నది.

2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం కేంబ్రిడ్జిలో చేసిన పరిశీలన ఒకటి 'సైన్స్' పత్రికలో వచ్చింది. అంతకు ముందు సంవత్సరం రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన 23 ఏండ్ల యువతి. కన్నులు తెరచి ఉంటుంది, ఏ ఆజ్ఞకూ స్పందించదు. ఆమెను ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకో" అన్నారు. మెదడులో సప్లిమెంటరీ మోటార్ ఏరియా అనే భాగం చురుకైంది. "మీ ఇంట్లో గదిగదికీ నడుస్తున్నట్లు ఊహించుకో" అన్నారు. స్థలజ్ఞానానికి సంబంధించిన వేరే భాగాలు చురుకైనాయి. ఆరోగ్యవంతులకు అదే మాట చెప్పినప్పుడు ఏయే భాగాలు మేల్కొన్నాయో, ఆమెలోనూ అవే మేల్కొన్నాయి.

ఊహ అంటే వట్టిదని కొట్టిపారేసే అలవాటు మనకున్నది. శరీరం కదులుతున్నట్లు ఊహించడం వట్టిది కాదు. 1980లోనే డెన్మార్కులో రోలండ్ బృందం మెదడులోని రక్తప్రసారాన్ని కొలిచి చూసింది. వేళ్ళను ఒక క్రమంలో కదిపినప్పుడు సప్లిమెంటరీ మోటార్ ఏరియాతో పాటు కండరాలను నడిపే ప్రధాన చలన భాగం కూడా చురుకైంది. కదపకుండా ఊహించినప్పుడు మొదటిది మాత్రమే చురుకైంది. 1989లో ఫ్రాన్సులో దెసెతీ, జాన్‌రో ప్రభృతులు మరొకటి చూపారు: కొంత దూరం నడిచినట్లు ఊహించుకోవడానికి పట్టే కాలం, నిజంగా నడవడానికి పట్టే కాలానికి ఇంచుమించు సమానం. కనుక ఊహలోని చలనం కూడా మెదడు చేసే పనియే. ఆజ్ఞ చేయి వరకు చేరలేదు, అంతే.

దీనికి అప్పుడే ఆక్షేపణ వచ్చింది. టెన్నిస్ అన్న మాట చెవిన పడగానే మెదడు యాంత్రికంగా ఉలికిపడి ఉండవచ్చు గదా అన్నారు. ఆక్షేపణ న్యాయమైనదే. సమాధానమూ ఉన్నది. ఆ చైతన్యం క్షణంలో ఆరిపోలేదు. విశ్రమించమని చెప్పేవరకు, సుమారు అర నిమిషం నిలిచింది. ఆజ్ఞగా కాక మామూలు వాక్యంలో టెన్నిస్ అన్న మాట వినిపించినప్పుడు ఆరోగ్యవంతులలో కూడా అటువంటి నిలకడైన స్పందన రాలేదు. 2010లో ఇటువంటి 54 మంది రోగులను పరీక్షించగా 5గురు చెప్పినట్లు ఊహించగలిగారు. వారిలో ఒకరు ఒక ఊహను 'అవును'గా, మరొక ఊహను 'కాదు'గా వాడి తన కుటుంబాన్ని గురించిన ప్రశ్నలకు బదులు చెప్పారు. ఉలికిపాటు బదులు చెప్పదు. 2024లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మంచం దగ్గర ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మందిలో 60 మంది మెదళ్లు ఆజ్ఞను పాటించాయి. నలుగురిలో ఒకరు!

మిగిలిన ముగ్గురి మాటేమిటని అడుగుతారు. వారిలో స్పందన కనబడలేదు. కనబడకపోవడం లేకపోవడానికి రుజువు కాదని తర్కం చదివినవారికి చెప్పనక్కరలేదు. అలాగని అందరూ లోపల మేల్కొనే ఉన్నారని గాని, అందరూ లేచి కూర్చుంటారని గాని నేననను. అది కుటుంబాలకు చేసే మరొక అన్యాయం. నా వాదం ఇంతే: తెలియని చోట 'శవం' అని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు.

వైద్యులు తమ మాటను తాము దిద్దుకొన్నారు. 1972లో జెన్నెట్, ప్లమ్ అనే ఇద్దరు ఈ స్థితికి 'వెజిటేటివ్' అని పేరు పెట్టారు. అది మొక్కను తలపించే మాట. 2010లో ఐరోపా వైద్యులు కొందరు ఆ పేరు మనిషిని కించపరుస్తున్నదని 'అన్‌రెస్పాన్సివ్ వేక్‌ఫుల్‌నెస్' అన్న పేరును ప్రతిపాదించారు. తెలుగులో 'స్పందనరహిత జాగృతి' అనవచ్చు. మెలకువ ఉన్నది, స్పందన కనబడదు. చూచినది చూచినంతే చెప్పే మాట. వారు మొక్క అనడానికే సిగ్గుపడ్డారు. మనమింకా శవం దగ్గరనే ఉన్నాము!

మొక్క అంటే గుర్తు వచ్చింది. మనుస్మృతి మొక్కలను గురించి చెబుతూ వాటికి 'అంతస్సంజ్ఞ' ఉన్నదంటుంది, అనగా లోపలి తెలివి. ఇది చూపి "ఎం.ఆర్.ఐ. మన ఋషులకు ముందే తెలుసు" అని ఎవరైనా బయలుదేరితే, ఆ ఊరేగింపులో నేను లేను. ఆ గ్రంథం చెప్పినవన్నీ నాకు సమ్మతం కావు. మాట మాత్రం బాగున్నది. పైకి కనబడక లోపల ఉన్న చైతన్యానికి అంతస్సంజ్ఞ కంటె మంచి పేరు నాకు తోచడం లేదు. ఇక మన 'స్పృహ' సంగతి చూడండి. సంస్కృతంలో దానికి కోరిక అని అర్థం. తెలుగువాడు తెలివి అన్న అర్థంలో వాడుకొన్నాడు. ఆ యంత్రం పట్టుకొన్నది సరిగా ఈ రెండింటి కలయికనే. ఊహించమంటే ఊహించాలని ఆ రోగి కోరుకొన్నది.

పేరు మారిస్తే రోగం మారుతుందా అంటారు. మారదు. గదిలో ఉన్న మన ప్రవర్తన మారుతుంది. శవాన్ని ఎవరూ రెండవసారి పరీక్షించమని అడగరు. 2009లో బెల్జియం వైద్యులు ఒక అధ్యయనంలో, స్పృహ లేదని వైద్యబృందం తేల్చిన 44 మందిని ఒక క్రమపద్ధతిలో ఓపికగా తిరిగి పరీక్షిస్తే, 18 మందిలో ఎంతో కొంత స్పృహ ఆనవాలు దొరికింది. దానికి కోట్ల యంత్రం అక్కరలేదు. ముఖం ముందు అద్దం మెల్లగా కదిపి కన్నులు దానిని వెంబడిస్తున్నాయా అని చూడడం ఆ పరీక్షలో ఒక భాగం. అద్దం లేని ఇల్లు ఉన్నదా?

కనుక పత్రికలవారికీ, కథలు వ్రాసేవారికీ, మనకూ నా మనవి. స్పందించని మనిషిని జీవచ్ఛవమని వ్రాయవద్దు. ఆ గదిలో ఆస్తుల లెక్కలు వద్దు. లోపలికి వెళ్ళినప్పుడు పేరు పెట్టి పిలిచి, మీరెవరో చెప్పండి. తరువాత కొంత సేపు ఆగండి.

మా అక్కయ్యకు టెన్నిస్ తెలియదు. ఆమెను అడిగి ఉంటే, రోట్లో పిండి దంచుతున్నట్లు ఊహించుకో అక్కయ్యా అని అడిగి ఉండవలసింది. ఎవరమూ ఏమీ అడగలేదు. గాజుల సంగతి మాత్రం మాట్లాడుకొన్నాము. ఆమె విన్నదో లేదో నాకు తెలిసే మార్గం ఇక లేదు. సంధికి వేరే ఉదాహరణలు చాలానే ఉన్నాయి.