పల్సరా? బుల్లెట్టా?

హాస్టల్ వదిలి ఉద్యోగాల్లో చేరిన మన మిత్రులు వంద సి.సి. బండి అమ్మి పెద్దది కొనాలని చూస్తున్నారు. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ మాట చివరికి రెండు సెకండ్‌హ్యాండ్ బండ్ల దగ్గరే ఆగుతోంది: పల్సర్ 220, క్లాసిక్ 350 బుల్లెట్.

మా ఓటు పల్సర్‌కే. బుల్లెట్ దుడుదుడు శబ్దం మాకూ ఇష్టమే, కాదనం. కానీ పంక్చరయితే ఆ 190 కిలోలు నెట్టాల్సింది మనమే. పల్సర్ దాదాపు 30 కిలోలు తక్కువ. ధరలో నాలుగు రూపాయలు మిగిలితే తమ్ముడి ఫీజుకైనా పనికొస్తాయి.

ఏది కొన్నా ఆర్.సి.లో అమ్మేవారి పేరే ఉండాలి. అప్పు తీరినట్టు ఫైనాన్సు వాళ్ల ఎన్.ఓ.సి., సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు చేతికొచ్చాకే డబ్బులివ్వండి. 15 ఏళ్లు దాటిన బండయితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందా చూడండి.

మనం అమ్మే పాత బండి సంగతీ అంతే. పేరు మారకముందే ప్రమాదం జరిగితే నష్టపరిహారం భారం రికార్డులో ఉన్న ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొనేవాడు మన రూమ్మేటే అయినా 14 రోజుల్లో ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలపాల్సిందే.