బ్యాటరీ తీశాకే బిట్ ముట్టండి

బ్యాటరీ డ్రిల్లింగు మిషను వడ్రంగి సంచి దాటి ఇళ్లలోకి వచ్చేసింది. గజపతినగరంలోనే కాదు, బొండపల్లి, మెంటాడ, దత్తిరాజేరు వైపు పల్లెల్లోనూ అదే తీరు. సీసీ కెమెరాలు బిగించే కుర్రాడి చేతిలో ఉంది, కర్టెన్ రాడ్లు వేసే మనిషి దగ్గరుంది, ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నవాళ్ల బీరువా మీదా ఉంది. మంచి పనిముట్టే. కరెంటు పోయినా పని ఆగదు, నిచ్చెన ఎక్కితే వైరు కాళ్లకు అడ్డం పడదు. కానీ దాన్ని వాడుతున్న తీరు చూస్తే భయం వేస్తోంది. అందుకే సూటిగా చెబుతున్నాం. బిట్ మార్చే ముందు బ్యాటరీ ఊడదీయండి. రాత్రి పడుకునే ముందు చార్జరు ప్లగ్గు పీకేయండి. రేపటి నుంచి కాదు, ఈ పూట నుంచే.

వైరున్న పాత మిషను వాడిన మేస్త్రీలకు ఒక అలవాటుండేది. బిట్ మార్చాలంటే ముందు ప్లగ్గు తీసేవారు. కొత్త మిషనుకు ప్లగ్గు లేదు కనుక ఆ అలవాటూ పోయింది. "ఏటవుద్ది, బ్యాటరీదే కదా" అన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ప్లగ్గు లేకపోలేదు, అది మీ చేతిలోనే ఉంది. ఆ బ్యాటరీయే ప్లగ్గు.

బిట్ ఎలా మారుస్తున్నారో ఒకసారి దగ్గర నుంచి చూడండి. బిట్‌ను బిగించి ఉంచే చక్‌ను ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంటారు, కుడి చూపుడువేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది. కొద్దిగా నొక్కితే మోటారు తిరిగి చక్ వదులవుతుంది. పని క్షణంలో అయిపోతుంది, నిజమే. వేలు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ నొక్కిందా, చక్ అరచేతి చర్మాన్ని మెలిపెడుతుంది, పదునైన బిట్ వేళ్ల సందులోంచి కోసుకుపోతుంది. చేతికి గుడ్డ గ్లవుజులుంటే ఇంకా ప్రమాదం, దారం చుట్టుకుని వేలినే లోపలికి లాగుతుంది. ట్రిగ్గర్ పైనుండే ముందుకూ వెనక్కూ తిప్పే బటన్‌ను మధ్యలో ఆపితే ట్రిగ్గర్ పనిచేయదు. మిషను కింద పెట్టేటప్పుడు, నిచ్చెన దిగేటప్పుడు అలా ఉంచాలి. కానీ బిట్ మార్చడానికి అది చాలదు, బ్యాటరీ బయటికి రావాల్సిందే. ఇంట్లో చిన్నపిల్లలుంటే మిషనూ బ్యాటరీ ఒకచోట ఉంచనే వద్దు.

చక్ వెనక అంకెలు రాసిన రింగు చూసే ఉంటారు. స్క్రూ బిగుసుకోగానే ఆ రింగు తిరుగుడును ఆపేస్తుంది. డ్రిల్ బొమ్మ దగ్గరికి తిప్పితే ఆ రక్షణ ఉండదు. అప్పుడు బిట్ స్లాబులో ఊచకు తగిలి బిగుసుకుంటే బిట్ ఆగుతుంది కానీ మోటారు ఆగదు. మిషనే గిర్రున తిరిగి మణికట్టును మెలిపెడుతుంది. నిచ్చెన మీదుంటే మనిషిని కిందికి తోసేస్తుంది. పక్క హ్యాండిలు ఇచ్చిన మిషనైతే దాన్ని తప్పకుండా బిగించండి. లావు బిట్‌కు 1 నంబరు స్పీడు చాలు. లుంగీ, మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ, విడిచిన జుట్టు, వీటితో డ్రిల్లు పట్టకండి.

మిషనుకు వైరు లేకపోయినా గోడలో ఉంది. స్విచ్‌బోర్డు పైన గడియారానికి మేకు వేయాలని సరిగ్గా దాని నెత్తినే రంధ్రం పెట్టేవాళ్లున్నారు. గోడలోపలి పైపులు సాధారణంగా బోర్డు నుంచి నిలువుగా పైకి, కిందికి, లేదంటే అడ్డంగా పోతాయి. ఆ గీతల్లో డ్రిల్లు పెట్టకూడదు. బిట్ వైరును కోస్తే 230 వోల్టులు ఇనుప చక్ దాకా వస్తాయి. మెయిన్ దించేశాం కదా అనుకోవద్దు. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిన్ దించినా కొన్ని లైన్లలో కరెంటు పారుతూనే ఉంటుంది. ఇన్వర్టరునూ ఆపి, టెస్టరుతో చూసి, అప్పుడు గోడ ముట్టండి. ఎంసీబీ కాపాడుతుందనే నమ్మకమూ వద్దు. అది వైర్లను కాపాడటానికి పెట్టింది. మనిషిని కాపాడేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అది మన పాత ఇళ్లలో చాలావాటికి లేదు.

కళ్లద్దాలు లేకుండా పైకప్పుకు రంధ్రం పెట్టడమంటే సిమెంటు పొడిని కంట్లో పోసుకోవడమే. పొడి పడితే మంచినీళ్ల ధారతో కడుగుతూనే ఉండండి. ఇనుప ముక్క గుచ్చుకుంటే మాత్రం నలపొద్దు, తీయొద్దు, చనుబాలు, ఆముదం వంటివేవీ వేయొద్దు. కన్ను నొక్కుకోకుండా పైన చిన్న కప్పు బోర్లించి ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక మాకు అన్నిటికంటే ఆందోళన కలిగిస్తున్నది రాత్రిపూట చార్జింగు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటాయన చనిపోయాడు. అదే వారం నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు ప్రాణం విడిచాడు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ బైకుల షోరూములో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మందిని పొట్టన పెట్టుకుంది. డ్రిల్లు బ్యాటరీ వాటంత పెద్దది కాదు. 18 వోల్టుల 2 యాంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 36 వాట్ అవర్లే. కానీ లోపలి లిథియం అయాన్ సెల్ జాతి అదే, మండే తీరూ అదే. దుప్పటి అంటుకోవడానికి ఆ మాత్రం చాలు.

బజారులో, ఆన్‌లైనులో చవకగా దొరికే బ్యాటరీల మీద 48, 88 వోల్టులని రాస్తున్నారు. విప్పి చూస్తే చాలావాటిలో ఉండేవి 5 సెల్లులు. ఒక్కోటి 3.6 వోల్టుల లెక్కన 18 వోల్టులు, నిండా చార్జయినా 21. మిగతాదంతా అబద్ధం. అట్టపెట్టె మీదే అబద్ధం రాసినవాడు, సెల్లులు వేడెక్కకుండా చూసే లోపలి సర్క్యూట్‌ను నిజాయితీగా పెట్టాడని ఎలా నమ్మాలి? ఐఎస్ 16046 ముద్ర ఉందో లేదో చూసి కొనండి. పాత ల్యాప్‌టాప్ సెల్లులు వేసి బాగు చేయించిన బ్యాటరీ జోలికి పోవద్దు.

చార్జింగు పగలే, మనిషి మెలకువగా ఉన్నప్పుడే, గచ్చు మీదో రాతి బల్ల మీదో, కంపెనీ ఇచ్చిన చార్జరుతోనే పెట్టండి. పని చేసి వేడెక్కిన బ్యాటరీని పూర్తిగా చల్లారనివ్వండి. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టకండి, చాలా కంపెనీలు 40 డిగ్రీలు దాటితే చార్జింగు వద్దనే చెబుతాయి. మేకుల డబ్బాలో పడేయకండి, రెండు కొనలూ కలిస్తే నిప్పే. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో విడిగా దాచండి. పని అయ్యాక మోటారు గాలి రంధ్రాల్లో దుమ్ము బ్రష్షుతో దులపండి, బ్యాటరీ కాంటాక్టులను పొడిగుడ్డతో తుడవండి. నీళ్లతో కడగొద్దు, మోటారులో నూనె పోయొద్దు.

డ్రిల్లు అమ్మే దుకాణదారులకు ఒక విన్నపం. బిల్లు ఇచ్చేటప్పుడు బ్యాటరీ ఊడదీయడం, చక్‌ను చేత్తో తిప్పి బిట్ మార్చడం కొన్నవాడి చేత అక్కడే చేయించండి. రెండు నిమిషాల పని. చెడిన బ్యాటరీలను తీసుకుని కంపెనీకి పంపించండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది.

ఉబ్బిన, కిందపడి పగిలిన, ఊరికే ఉన్నా వెచ్చగా తగిలే బ్యాటరీ మీ ఇంట్లో ఉంటే చీకటి పడేలోగా బయటికి తీయండి. కొనలకు టేపు అంటించి, ఇసుక పోసిన ఇనుప డబ్బాలో వేసి, ఇంటికీ గడ్డివాముకీ దూరంగా పెట్టండి. చెత్తబండిలో వేయకండి. చార్జింగులో ఉండగా పొగ వస్తే దాన్ని చేత్తో పట్టుకోకుండా మెయిన్ దించి, ఆ పొగ పీల్చకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయండి. గాయమైతే 108.