ఇంట్రడక్షన్ దగ్గర ఆగిన బండి

సూరత్‌లోని లింబాయత్ గల్లీల్లో తెలుగు కోసం చెవులు రిక్కించనక్కర్లేదు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు అక్కడ తరాలుగా ఉంటున్నారు. అలాంటి ఇంటి కుర్రాడొకడు ఆ వలస మీదే పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఫీల్డ్‌వర్క్ ఎప్పుడో అయిపోయింది. థీసిస్ మాత్రం రెండేళ్లుగా 'ఇంట్రడక్షన్' అన్న మాట దాటలేదు.

"కూసుంటె ఒక్క ముక్క రాదు సార్" అన్నాడు.

సరే, మీవాళ్లు నీకేం చెప్పారో చెప్పమన్నాను. గంటసేపు ఆపలేదు. పన్నెండు గంటల నైట్ షిఫ్టు, మీటరు లెక్కన కూలి, ఊళ్లో పెళ్లికి పోతే తెగే పగారు. చెప్పిందంతా తెలుగు, నడుమ గుజరాతీ. రాయాల్సింది ఇంగ్లిష్. పైగా గైడుగారికి ముందు ఇంట్రడక్షనే కావాలట! ఇల్లు కట్టకముందే గృహప్రవేశం కార్డు అచ్చేయమన్నట్టుంది.

మగ్గంతో ఓ పోలిక చెప్పాలని నా నాలుక దురద పెట్టింది. మీటరు లెక్కన బతికేవాళ్లింట్లో ఆ కవిత్వం బాగుండదని మింగేశాను.

1974లో డెనిస్ అప్పర్ అనే సైకాలజిస్టు, రాయలేకపోవడానికి సొంత వైద్యం ఎలా విఫలమైందో చెప్పే వ్యాసమంటూ ఓ పరిశోధన పత్రికకు పంపాడు. శీర్షిక కింద ఒట్టి తెల్లకాగితం. దాన్నే అచ్చేశారు. ఆ వెసులుబాటు అందరికీ దొరకదు. రాబర్ట్ బాయిస్ 1983లో అచ్చేసిన ప్రయోగం ఇంకాస్త పనికొస్తుంది. బుద్ధి పుట్టినప్పుడు రాసిన అధ్యాపకులకంటే రోజూ కట్టుబడి రాసినవాళ్లవే ఎక్కువ పేజీలు. కొత్త ఆలోచనలూ వాళ్లకే ఎక్కువొచ్చాయి.

బడి ఉద్యోగం వదిలి 1858లో కలాన్నే నమ్ముకున్న గుజరాతీ రచయిత నర్మద్‌దీ సూరతే. ఆయన గుజరాతీ నిఘంటువు 1873కి గానీ పూర్తి కాలేదు. ఆయన నెత్తిన యూజీసీ లేదు. మావాడి నెత్తిన ఉంది: 2022 నిబంధనల ప్రకారం ఆరేళ్లు, పొడిగిస్తే ఇంకో రెండు.

అందుకే ఇంగ్లిష్‌నూ, ఇంట్రడక్షన్‌నూ చివరికి నెట్టమన్నాను. నాతో అన్నదే తెలుగులో రాయి, రోజుకో అరగంట చాలు. అనువాదం చాకిరీయే, కానీ చేతిలో ఏదో ఉన్నాక చేసే చాకిరీ.

పోయిన వారం వాట్సాప్‌లో నోటుబుక్కు ఫొటోలు పదకొండు పంపాడు. అమ్మ కండెలు చుట్టడం దగ్గర మొదలెట్టాడు. కింద ఓ ప్రశ్న: "ఇది ఏ చాప్టర్ల పెట్టాలె సార్?"

ఇంకా జవాబివ్వలేదు. ఇస్తే రాయడం ఆపి విషయసూచిక వేస్తాడని భయం.