నీటివలన వచ్చు రోగమునకు ఆసుపత్రిలో మందు కలదా?

రోగము వచ్చిన పిమ్మట వైద్యుని యొద్దకు పరుగెత్తుట లోకసహజము. రాకమునుపే దాని త్రోవను మూయుట వివేకము. ఈ మాట నెల్లరు నంగీకరింతురు గాని, ప్రజాధనమును వ్యయపెట్టవలసి వచ్చినప్పుడు మఱచిపోవుచుందురు. ఈ విషయమున మా యభిప్రాయమును తెలుగునాటి యుదాహరణ మొకదానితో విన్నవించుచున్నాము. అది ఫ్లోరోసిస్ వ్యాధి.

మెట్టప్రాంతములలో భూగర్భమందలి కొన్ని రాళ్లనుండి ఫ్లోరైడు కరగి నీటిలో కలియును. లీటరు నీటిలో నది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు నిర్ణయించిరి. మించిన నీటిని శైశవమునుండి త్రాగిన పిల్లల పండ్లకు గారవంటి మచ్చలు పడును. మిక్కిలి యధికముగా నున్న నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి కీళ్లు బిగిసి, వెన్ను వంగును. ఆ నీటిని ఎంత కాచినను ఫ్లోరైడు పోదు. అట్లు వంగిన వెన్నును చక్కబఱచు మందు నేటికిని లేదు. కావున ఈ వ్యాధికి నివారణమే చికిత్స.

ఈ సంగతి క్రొత్తగా తెలిసినది కాదు. నెల్లూరు జిల్లా పల్లెలలోని ఈ వ్యాధిని గూర్చి శార్టు మొదలగు వైద్యులు 1937వ సంవత్సరముననే ప్రకటించిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని శుద్ధిచేయు పద్ధతిని నాగపురమునందలి పరిశోధన సంస్థవారు 1970 తరువాతి యేండ్లలో రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అయినను ఇంటింటికి నదీజలము నందించు మిషన్ భగీరథ తెలంగాణమున 2016లో గాని ప్రారంభము కాలేదు. కారణము తెలిసిన నాటికిని కొళాయి వచ్చిన నాటికిని నడుమ 79 ఏండ్లు గడచెను. ఆ నడుమ పుట్టి, పెరిగి, వంగిపోయిన వారికి ఎవ్వరు బదులు చెప్పగలరు?

ఈ యాలస్యమునకు కారణము మాకు తోచినంతవఱకు ఇది: శస్త్రచికిత్సచే బ్రదికిన రోగి మన కన్నులయెదుట నిలిచి కృతజ్ఞత తెలుపును, రోగమే రాని బాలుడు ఎవ్వరికిని కృతజ్ఞత తెలుపడు. తప్పిన కీడు కంటికి కనబడదు. కనబడని దానికి ధనమిచ్చుటకు పాలకులకును, అడుగుటకు ప్రజలకును ఉత్సాహము చాలదు.

ఆసుపత్రులు వలదని మేము చెప్పుట లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వలన బీదవారికి ఖరీదైన చికిత్సలు లభించుట మేలే. అయితే బిగిసిన కీళ్లకు పూర్వపు సత్తువను ఏ కార్డును తేజాలదు. ప్రభుత్వపు ఆరోగ్యవ్యయములో మూడింట రెండువంతులు, లేక అంతకు మించి, ప్రాథమిక ఆరోగ్యమునకు కేటాయింపవలెనని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానమే చెప్పుచున్నది. ఆ మాట కాగితముమీదనే నిలిచిపోరాదు.

మఱియొక సంగతి. నివారణము ఒక్కనాటితో ముగియు పని కాదు. శుద్ధియంత్రములు పెట్టిన యనేక గ్రామములలో మరమ్మతు లేక అవి మూలబడినవి. గొట్టము పగిలి నాలుగు దినములు నీరు రానిచో, గృహిణి కడవ తీసికొని మరల ఆ బోరుబావికే పోవును. కావున యంత్రము కొనుటకు ధనమిచ్చినట్లే, దానిని నడుపుటకును, నీటిని పరీక్షించుటకును ఏటేట ధనమియ్యవలెను. ఉద్యోగుల జీతమువలె ఇదియు తప్పని వ్యయమని యెంచవలెను.

విద్యార్థులారా! మీ యూరి నీటిలో ఫ్లోరైడు ఎంత కలదో మీరెఱుగుదురా? ఎఱుగనిచో పెద్దలతో కూడి పంచాయతీవారి నడుగుడు. పరీక్ష చేయింపుమని కోరుడు. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరిక మొదలగు వానిని భుజింపుడు. సున్నపుధాతువు, సి విటమిను చాలినంతగా నున్న దేహము ఈ కీడును కొంత తాళుకొనును. కాని మంచి ఆహారము మంచినీటికి బదులు కాజాలదు. తల్లిదండ్రులారా! ఓట్లకొఱకు వచ్చువారు ఆసుపత్రి కట్టింతుమని చెప్పినప్పుడు సంతోషింపుడు. వెంటనే నీటి సంగతి యేమని యడుగుడు. ఆ ప్రశ్న నెల్లరును అడుగు దినమున గాని పాలకులు దానికి జవాబు వెదకరని మా నమ్మకము.