లాభాల వాటా వచ్చింది... ఏ కారు కొందాం?

దసరా ముందు సింగరేణి లాభాల వాటా సంగతి తేలిందంటే గోదావరిఖని టీ కొట్ల దగ్గర ముచ్చట మారిపోతుంది. ‘కారెప్పుడు తీస్కుంటున్నవ్ తమ్మీ?’ అని మొదలవుతుంది. మెడికల్ అన్‌ఫిట్ అయిన తండ్రి స్థానంలో కొత్తగా డ్యూటీ ఎక్కిన కుర్రాడైతే సమాధానం సిద్ధంగానే ఉంటుంది. రోజూ గనికి వెళ్లి రావాలి, రాజీవ్ రహదారి మీద తొక్కితే దూసుకుపోవాలి, తర్వాత నచ్చినట్టు మార్పులు చేయించుకోవాలి. బడ్జెట్టు మాత్రం అంతంతే!

ఇలాంటివారికి మొదట తట్టేది స్విఫ్టే. 2005లో వచ్చినప్పటి నుంచీ కుర్రకారు కారు అదే. 2021 మోడల్‌లో నాలుగు సిలిండర్ల ఇంజిన్, దాదాపు 90 పీఎస్ శక్తి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో మూడు సిలిండర్లే, శక్తి 82 పీఎస్ దగ్గరే. అందుకే సెకండ్ హ్యాండ్‌లో పాతదాన్ని వెతికేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. విడిభాగాలు చవక, చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఊళ్లోనే దొరుకుతారు.

2022లో ఆగిపోయిన పోలో జీటీ నడపడానికి బ్రహ్మాండం. కానీ దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్ ఉంది. టర్బో ఇంజిన్, 120 పీఎస్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. బొగ్గు లారీని దాటేటప్పుడు ఆ టార్క్ విలువ తెలుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగడం కొత్త కారు కొనేవారికి కలిసొచ్చిన సంగతి.

ఇక మార్పులు. చాలామంది మొదట పెట్టించేది బయటికి కనిపించే కోన్ ఫిల్టర్. బొగ్గు ధూళి ఎగిరే ఊళ్లో ఇంజిన్‌కు ఇంతకన్నా కీడు లేదు. కంపెనీ పేపర్ ఫిల్టరే ఉంచి, తరచుగా మార్చుకోవడం మేలు. ఫట్‌ఫట్‌మనే సైలెన్సరంటారా? కాలనీలో నైట్ షిఫ్టు దిగి పగలు పడుకునేవాళ్ల శాపనార్థాలు ఒకటైతే, చట్టం రెండోది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. చెప్పకుండా ఇంజిన్ రీమ్యాప్ చేయిస్తే వారంటీ పోవచ్చు, బీమా క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.

డబ్బు పెట్టాల్సింది టైర్లకు, బ్రేక్ ప్యాడ్లకు. రిమ్ము మార్చకుండా 185/65 ఆర్15 బదులు 195/60 ఆర్15 వేస్తే చక్రం ఎత్తులో తేడా ఒక్క శాతమే, రోడ్డు మీద పట్టు మాత్రం కాస్త పెరుగుతుంది. అది కూడా కంపెనీ ఆమోదించిన సైజుల్లో ఉందో లేదో అడిగాకే. నైట్ డ్యూటీ దిగి నిద్రమత్తుతో స్టీరింగ్ పట్టుకుంటే ఏ టైరూ కాపాడదు. అలాంటప్పుడు కంపెనీ బస్సో, దోస్తు బైకో ఉండనే ఉన్నాయి.

సస్పెన్షన్ కిందికి దించే ఆలోచన ఉంటే మాత్రం ముందు ఇంట్లో అడగాలి. మోకాళ్లు అరిగిన పెద్దాయన నెలనెలా ఏరియా ఆసుపత్రికి వెళ్లేది ఆ కారులోనే కదా! ‘గంత కిందికి దించితే నేనెట్ల ఎక్కాల్రా?’ అంటాడాయన. అందుకే టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు బాపును వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, కాలనీలోని స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించి దించి చూడాలి.